అబ్రాహాము పిల్లలు ఎవరు? వంశం గురించి, విశ్వాసం గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: యోహాను సువార్త 8వ అధ్యాయం చదివిన ప్రతిసారీ ఒక చిక్కు ఎదురవుతోంది. తనతో వాదిస్తున్న వారితో యేసు ప్రభువు 37వ వచనంలో "మీరు అబ్రాహాము సంతానమని నాకు తెలియును" అంటాడు. రెండు వచనాలు దాటగానే "మీరు అబ్రాహాము పిల్లలైతే అబ్రాహాము చేసిన క్రియలు చేతురు" అంటాడు. 44వ వచనానికి వచ్చేసరికి వారి తండ్రి అపవాది, అంటే సాతాను, అని చెబుతాడు. ఒకే సంభాషణలో ఒకే మనుషుల గురించి ఇన్ని మాటలు ఎలా కుదురుతాయి? పౌలు కూడా రోమా పత్రిక 9:6లో "ఇశ్రాయేలు సంబంధులందరును ఇశ్రాయేలీయులు కారు" అని రాశాడు. అంటే రక్తసంబంధానికి లేఖనంలో ఏ విలువా లేనట్టేనా? లేకపోతే మత్తయి తన సువార్తను వంశావళితో ఎందుకు మొదలుపెట్టాడు?

జవాబు: మీరు చూపిన వచనాలు ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు. అవి ఒకే మనుషులను గురించి అడిగిన రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వీరు ఎవరి వంశంలో పుట్టారన్నది మొదటి ప్రశ్న. అబ్రాహాము వంశంలోనే పుట్టారని ప్రభువు ఏ సంకోచమూ లేకుండా ఒప్పుకున్నాడు. వీరు దేవుని ఎదుట ఎవరి ఇంటివారిగా నిలబడుతున్నారు, ఎవరి పోలికలు వీరి బ్రతుకులో కనబడుతున్నాయన్నది రెండవ ప్రశ్న. దానికి వంశవృక్షం జవాబు చెప్పలేదు.

ఆ సంభాషణ ఎక్కడ మొదలైందో గమనిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 31వ వచనం ప్రకారం ఆయన మాట్లాడుతున్నది తనను నమ్మిన యూదులతో. సత్యం మిమ్మల్ని స్వతంత్రులను చేస్తుందని ఆయన అనగానే వారు నొచ్చుకున్నారు. మేము అబ్రాహాము సంతానం, ఎన్నడూ ఎవరికీ దాసులమై ఉండలేదు, మాకు విడుదల ఎందుకని అడిగారు. అబ్రాహాము పేరు వారి నోట వచ్చింది సరిగ్గా ఇక్కడే, తమకు రక్షణ అక్కరలేదని చెప్పుకోవడానికి. ప్రభువు తోసిపుచ్చింది వారి పుట్టుకను కాదు, ఆ పుట్టుకను వారు వాడుకున్న తీరును.

40వ వచనంలో ఆయన చూపిన కారణం చాలా నిర్దిష్టమైనది. దేవుని దగ్గర విన్న సత్యాన్ని చెప్పినందుకు నన్ను చంపాలని చూస్తున్నారు, "అబ్రాహాము అట్లు చేయలేదు" అంటాడు. మరి అబ్రాహాము ఏం చేశాడు? ఆదికాండము 18వ అధ్యాయంలో ఎండవేళ గుడారపు ద్వారం దగ్గర కూర్చున్న ఆ వృద్ధుడు, ముగ్గురు మనుషులు తన ఎదుట నిలిచి ఉండటం చూసి పరుగెత్తి ఎదురు వెళ్లాడు, నేలమట్టుకు వంగాడు, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెప్పించాడు, లేత దూడను వండించి, వారు భోజనం చేస్తున్నంతసేపూ చెట్టు కింద వారి దగ్గర నిలబడే ఉన్నాడు. దేవుని యొద్దనుండి వచ్చినవారిని అబ్రాహాము చేర్చుకున్న విధం అది. తమ మధ్యకు వచ్చినవాణ్ణి వీరు చేర్చుకున్న విధం చూస్తే, యోహాను 8వ అధ్యాయం చివరి వచనంలో వారి చేతుల్లో రాళ్లున్నాయి. పోలిక లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

44వ వచనాన్ని యూదజాతి మొత్తం మీద వేసిన ముద్రగా చదివినవారు చరిత్రలో చాలామంది ఉన్నారు. అది లేఖనానికి చేసిన అన్యాయం అని నేను గట్టిగా చెబుతాను. ఆ మాట పలికినవాడు యూదుడు, దాన్ని రాసి పెట్టినవాడు యూదుడు, విన్నవారు యూదులు. ఇది ఇంటివాడు ఇంటివారిని గద్దించిన మాట. ప్రవక్తలందరూ అలాగే మాట్లాడారు. యెహెజ్కేలు 16:3లో దేవుడు యెరూషలేముతో "నీ తండ్రి అమోరీయుడు, నీ తల్లి హిత్తీయురాలు" అన్నాడు. యెషయా 1:10లో అదే పట్టణపు అధికారులను సొదొమ న్యాయాధిపతులని పిలిచాడు. యెరూషలేమువారి వంశావళి తెలియక ప్రవక్తలు అలా అనలేదు. మీ నడత ఎవరి నడతను పోలి ఉందో ఆ ఇంటిపేరుతోనే మిమ్మల్ని పిలుస్తాను అన్నది ఆ మాటల భావం. యేసు మాట ఆ కోవలోనిదే.

ఇక అబ్రాహాము కుటుంబం మొదటి రోజునుండీ ఎలా ఉందో చూడండి. చాలామంది ఈ సంగతి గమనించకుండా దాటిపోతారు. ఆదికాండము 17వ అధ్యాయంలో దేవుడు సున్నతిని నిబంధన గురుతుగా ఇచ్చినప్పుడు అబ్రాహాముకు 99 ఏళ్లు, దాసి వల్ల కలిగిన కొడుకు ఇష్మాయేలుకు 13 ఏళ్లు, భార్య శారా కొడుకు ఇస్సాకు ఇంకా పుట్టనేలేదు. ఆ ఒక్కరోజులోనే ఇంట్లోని పురుషులందరూ సున్నతి పొందారని, ఇంట పుట్టినవారూ, అన్యుల దగ్గర వెండి ఇచ్చి కొన్నవారూ అందులో ఉన్నారని 23, 27 వచనాలు చెబుతాయి. అబ్రాహాము ఇల్లు చిన్నది కాదు. తన సహోదరుని కుమారుడైన లోతును విడిపించడానికి బయలుదేరిన నాడు అతని ఇంట పుట్టి యుద్ధం నేర్చిన పనివారే 318 మంది అని 14వ అధ్యాయంలో చదువుతాం. అంటే నిబంధన గురుతు మొట్టమొదట పడిన శరీరాల్లో అబ్రాహాము రక్తం ఉన్నది అతనికి, ఇష్మాయేలుకు మాత్రమే అనుకోవాలి. మిగిలినవారందరూ అతని ఇంటివారే గాని అతని సంతానం కారు. పైగా రక్తం పంచుకున్న ఇష్మాయేలును దేవుడు ఆశీర్వదిస్తానన్నాడు గాని, నిబంధన మాత్రం వాగ్దానం వల్ల పుట్టబోయే ఇస్సాకుతో అని స్పష్టం చేశాడు.

పౌలు వాదన ఈ కాలక్రమం మీదే నిలబడింది. అబ్రాహాము దేవుని నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట ఆదికాండము 15:6లో ఉంది. 86వ ఏట ఇష్మాయేలు పుట్టడం ఆ తరువాతి అధ్యాయంలోని సంగతి. సున్నతి 99వ ఏట. నీతిమంతుడని తీర్పు వచ్చిన నాటికీ సున్నతి పొందిన నాటికీ మధ్య కనీసం 13 ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లన్నిటిలో అబ్రాహాము సున్నతి లేని నీతిమంతుడు. అందుకే రోమా 4:11, 12 వచనాల్లో సున్నతి లేకుండానే నమ్మిన అన్యజనులకు అతడు తండ్రి అని, సున్నతి పొంది తన విశ్వాసపు అడుగుజాడల్లో నడిచే యూదులకూ తండ్రి అని పౌలు రాయగలిగాడు. ఇది పౌలు తన సంఘాల అవసరం కోసం కల్పించిన తర్కం కాదు. ఆదికాండాన్ని అధ్యాయాల వరుసలో చదివేవారెవరికైనా దొరికే సంగతి.

రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు మరో మెట్టు ఎక్కుతాడు. ఇస్సాకును ఎన్నుకోవడానికి కారణం తల్లి శారా కావడమే, ఇష్మాయేలు దాసి కుమారుడు గదా అని ఎవరైనా అనవచ్చు. అందుకే అతడు వెంటనే ఇస్సాకు భార్య రిబ్కా గర్భంలోని కవలలను ముందుకు తెస్తాడు. తండ్రి ఒక్కడే, తల్లి ఒక్కతే, గర్భం ఒక్కటే, మేలు గాని కీడు గాని చేయకమునుపే దేవుని మాట వచ్చింది. ఏశావు పెద్దవాడు కూడా. రక్తంలో వెదికితే యాకోబుకు, ఏశావుకు మధ్య తేడా ఏమీ దొరకదు. మీరు ఉదహరించిన 9:6వ వచనానికి పౌలు ఇచ్చిన రుజువు ఇదే.

ఇప్పుడు మత్తయి వంశావళి దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అది. మత్తయి వంశాన్ని తీసివేయలేదు, తీసివేయడానికి వీలు లేదు కూడా. దావీదు సంతానంలో రాజు వస్తాడని, అబ్రాహాము సంతానంలో భూమి మీది వంశాలన్నీ ఆశీర్వదించబడతాయని దేవుడు మాట ఇచ్చాడు. ఆ మాట నెరవేరిందో లేదో తెలియాలంటే వంశం తెలియాలి. యేసు శరీరధారి అయ్యాడని నమ్మేవారు ఆయన ఫలానా జాతిలో, ఫలానా గోత్రంలో పుట్టాడన్న సంగతిని చిన్నచూపు చూడకూడదు. అయితే ఆ జాబితాలో మత్తయి ఎవరి పేర్లు చేర్చాడో చూడండి. మామూలుగా తండ్రుల పేర్లతో సాగే వరుసలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనిపిస్తారు. శారా, రిబ్కా, లేయాల పేర్లు రాయలేదు. రూతు మోయాబీయురాలు. మోయాబీయుడు పదవ తరం వరకూ యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23:3 చెబుతుంది. అయితే "నీ జనమే నా జనము నీ దేవుడే నా దేవుడు" అన్న ఆమె దావీదు తాతకు తల్లి అయింది.

రాహాబు సంగతి ఇంకా లోతైనది. యెహోషువ గ్రంథంలో ఆమె కథకు ఎదురుగా ఆకాను కథ ఉంది. యెరికో కూలిన వెంటనే ఆకాను దొంగిలించిన సంగతి వస్తుంది. అతణ్ణి పరిచయం చేసేటప్పుడు గ్రంథకర్త పూర్తి వంశావళి ఇస్తాడు: కర్మీ కుమారుడు, జబ్ది మనుమడు, జెరహు మునిమనుమడు, యూదా గోత్రికుడు. ఆ తరువాత గోత్రాన్ని, వంశాన్ని, కుటుంబాన్ని, మనిషిని వరుసగా చీటితో బయటికి తీయడం కూడా ఆ వంశావళి మీదుగానే సాగుతుంది. అంత పక్కా వంశావళి ఉన్నవాడు ఇశ్రాయేలు మధ్యనుండి కొట్టివేయబడ్డాడు. ఏ వంశావళీ లేని కనానీయ స్త్రీ, అంతవరకు వేశ్యగా బ్రతికిన రాహాబు, తన తండ్రి ఇంటివారందరితో కలిసి ఇశ్రాయేలీయుల మధ్య నివసించిందని 6:25 చెబుతుంది. ఇప్పుడు మత్తయి 1:3 తెరవండి. తామారుకు పుట్టిన కవలలు పెరెసు, జెరహు ఇద్దరి పేర్లూ అక్కడ ఉన్నాయి. ఆకాను జెరహు శాఖవాడు. రాహాబు కోడలిగా అడుగుపెట్టింది పెరెసు శాఖలోకి, అంటే దావీదు, క్రీస్తు వచ్చిన శాఖలోకి. పరాయి స్త్రీ లోపలికి వచ్చింది, సొంత రక్తం బయటికి పోయింది, అదీ ఒకే కుటుంబంలో.

వంశావళి చివర కూడా ఆగి చూడాలి. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని సాగిన వరుస యోసేపు దగ్గరకు వచ్చి తెగిపోతుంది. యోసేపు యేసును కన్నాడని మత్తయి రాయలేదు. యోసేపు మరియ భర్త అని, ఆమెయందు క్రీస్తు పుట్టాడని రాశాడు. దావీదు కుమారుడవైన యోసేపూ అని దూత పిలిచినవాడు ఆ బిడ్డకు పేరు పెట్టి తనవాడిగా చేర్చుకున్నాడు.

అబ్రాహామును తండ్రీ అని పిలిచినంత మాత్రాన సరిపోదని చెప్పే మరో భాగం లూకా 16లో ఉంది. పాతాళంలో యాతనపడుతున్న ధనవంతుడు "తండ్రివైన అబ్రాహామా" అని కేక వేస్తే, అబ్రాహాము అతణ్ణి "కుమారుడా" అనే పిలుస్తాడు. ఆ బంధుత్వాన్ని అబ్రాహాము కాదనలేదు. అయినా వారి మధ్య మహా అగాధం ఉంది. మీరు అడిగిన యోహాను 8లోని 37, 39 వచనాలు రెండూ ఈ ఒక్క దృశ్యంలో పక్కపక్కనే కనిపిస్తాయి.

ప్రశ్న: ఆత్మసంబంధమైన ఇశ్రాయేలే అసలైన ఇశ్రాయేలు అయితే, క్రైస్తవ సంఘం యూదుల స్థానాన్ని తీసుకున్నట్టేనా? వారికి దేవుడిచ్చిన వాగ్దానాలు రద్దయినట్టేనా? మా బైబిలు స్టడీలో దీని మీద గట్టి వాదన జరిగింది.

జవాబు: రోమా 11వ అధ్యాయం మొదటి వచనంలోనే ఈ ప్రశ్న ఉంది, జవాబూ ఉంది. దేవుడు తన ప్రజలను విసర్జించాడా? అట్లనరాదు అంటాడు పౌలు. అందుకు మొదటి రుజువుగా తననే చూపించుకుంటాడు: నేను కూడా ఇశ్రాయేలీయుణ్ణి, అబ్రాహాము సంతానాన్ని, బెన్యామీను గోత్రికుణ్ణి. ఇదే పౌలు ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో ఎనిమిదవ దినాన పొందిన సున్నతినీ, గోత్రాన్నీ, హెబ్రీ పుట్టుకనూ వరుసగా చెప్పి, క్రీస్తును సంపాదించుకోవడం కోసం వాటిని పెంటతో సమానంగా ఎంచుకున్నానన్నాడు. ఈ రెండు చోట్లనూ కలిపి చదవనివారు తప్పకుండా ఏదో ఒక వైపు జారిపోతారు. నీతిమంతుణ్ణని దేవుని ఎదుట చెప్పుకోవడానికి వంశం పనికిరాదు. దేవుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాడని చూపించే సాక్ష్యంగా మాత్రం అది చాలా విలువైనది. దత్తపుత్రత్వం, మహిమ, నిబంధనలు, ధర్మశాస్త్రం, ఆరాధన, వాగ్దానాలు, పితరులు అని రోమా 9:4, 5లో పౌలు ఎంచిన వరుసలో ప్రతిదీ శరీర సంబంధులైన తన ప్రజలకు ఇవ్వబడిందే, క్రీస్తు శరీరాన్ని బట్టి వారిలో పుట్టాడన్నది చివరిది. వారి కోసం తాను శాపగ్రస్తుడైనా మేలే అనుకున్నంత దుఃఖంతో అతడు ఆ మాటలు రాశాడు. ఆ దుఃఖం లేకుండా ఈ అధ్యాయాలను చర్చకు పెట్టుకోవడమే మన వాదనల్లో పెద్ద లోపమని నా అభిప్రాయం.

రోమా 11లోనే పౌలు చెప్పిన ఒలీవ చెట్టు ఉపమానంలో ఒక్క చెట్టే ఉంది. పాత చెట్టును నరికి కొత్తది నాటడం అక్కడ లేదు, రెండు చెట్లు పక్కపక్కన పెరగడమూ లేదు. కొన్ని కొమ్మలు అవిశ్వాసం వల్ల విరిచివేయబడ్డాయి, అడవి ఒలీవ కొమ్మలు విశ్వాసం వల్ల అంటుకట్టబడ్డాయి, విరిచివేయబడినవి అవిశ్వాసంలో నిలిచిపోకపోతే మళ్లీ తమ సొంత చెట్టుకే అంటుకట్టబడతాయి. మంచి చెట్టు కొమ్మను తెచ్చి అడవి మొదలుకు కట్టడం వాడుక. ఇక్కడ జరిగింది స్వభావవిరుద్ధమైన పని అని పౌలే అంటాడు. లోపలికి వచ్చిన అడవి కొమ్మకు అతడు చేసిన హెచ్చరిక కఠినమైనది: "వేరు నిన్ను భరించుచున్నది గాని నీవు వేరును భరించుట లేదు." సహజమైన కొమ్మలనే విరవకుండా విడిచిపెట్టని దేవుడు నిన్నూ శిక్షించకుండా విడిచిపెట్టడు సుమా అని కూడా అంటాడు. యూదులను గురించి అతడి చివరి మాట 28, 29 వచనాల్లో ఉంది. పితరులను బట్టి వారు దేవునికి ప్రియులు, ఎందుకంటే దేవుడు తన కృపావరాల విషయంలోనూ పిలుపు విషయంలోనూ పశ్చాత్తాపపడడు.

ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం కూడా ఇదే చెబుతుంది. ఒకప్పుడు ఇశ్రాయేలుతో సహపౌరులు కాక పరదేశులుగా ఉన్నవారు క్రీస్తు రక్తం వల్ల సమీపస్థులయ్యారు, ఆయన మధ్యగోడను పడగొట్టాడు. ఆ మాట విన్న యూదులకు యెరూషలేము దేవాలయ ఆవరణంలోని రాతి కంచె గుర్తుకు రాకుండా ఉండదు. అన్యుడెవడూ ఈ కంచె దాటి లోపలికి రాకూడదని, దాటి పట్టుబడినవాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన పలక ఒకటి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. ఎఫెసుకు చెందిన త్రోఫిమును ఆ కంచె లోపలికి తెచ్చాడన్న అనుమానంతోనే జనం పౌలును చంపబోయారని అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం చెబుతుంది. ఆ ఎఫెసు పేరుతోనే ఉన్న పత్రికలో, గోడ పడిపోయింది, మీరిక పరజనులు కారు, దేవుని ఇంటివారు అని అన్యజనులకు ధైర్యం చెప్పడం కనిపిస్తుంది. ఇంట్లోకి కొత్తవారిని చేర్చుకున్నారంటే పాతవారిని వెళ్లగొట్టారని ఎవరూ అర్థం చేసుకోకూడదు.

సంఘం ఈ హెచ్చరికను పెడచెవిన పెట్టిన కాలాలు ఉన్నాయి. స్పెయిన్‌లోని టొలేడోలో 1449లో యూదు వంశం నుండి క్రైస్తవులైనవారు పట్టణ పదవుల్లో ఉండకూడదని శాసనం చేశారు. బాప్తిస్మం పొందినవారినే రక్తాన్ని బట్టి వేరుచేశారన్నమాట. అదే ఏడు పోపు అయిదవ నికోలస్ దాన్ని ఖండించినా, ఆ తరువాతి కాలంలో అలాంటి నియమాలు అక్కడ మరెన్నో సంస్థల్లోకి పాకాయి. 1933 సెప్టెంబరులో ప్రష్యా ప్రొటెస్టెంటు సంఘ మహాసభ యూదు వంశస్థులు పాదిరులుగా పనిచేయకూడదన్న నియమాన్ని ఆమోదించింది. క్రీస్తులో యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు అన్న గలతీ 3:28ని ప్రతి ఆదివారం వినదగిన చోటనే ఇది జరిగింది. ఆ నియమం ప్రకారం పౌలు కూడా వారి వేదిక ఎక్కడానికి అర్హుడు కాడు. రోమన్ కాథలిక్ సంఘం 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభలో వెలువరించిన ప్రకటనలో, పితరులను బట్టి యూదులు దేవునికి ఇప్పటికీ ప్రియులని రోమా 11 ఆధారంగానే చెప్పింది.

భవిష్యత్తులో ఇశ్రాయేలు జనం విషయంలో దేవుడు ఏమి చేస్తాడన్న దాని మీద భక్తిపరుల్లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. రోమా 11:26లోని "ఇశ్రాయేలు జనులందరును" అన్న మాట విశ్వాసులైన యూదులను, అన్యులను కలిపి చెప్పిందని కొందరు, యూదజనం గురించే చెప్పిందని ఎక్కువమంది చదువుతారు. చుట్టూ ఉన్న వచనాలను బట్టి రెండవదే సరి అని నేను అనుకుంటాను. మొదటిది నమ్మేవారిని దుర్బోధకులని పిలవడం మాత్రం తగదు. మీ స్టడీలో వాదన మళ్లీ వస్తే రోమా 9:1 నుండి 11:36 వరకు ఒకే విడతలో, మధ్యలో ఆపకుండా చదివి, ఆ తరువాత మాట్లాడుకోండి.

ప్రశ్న: తప్పిపోయిన పది గోత్రాల వారసులం మేమేనని కొన్ని జాతులు చెప్పుకుంటాయి. మన పూర్వికులు ఎవరో పరిశోధించి తెలుసుకోవడం, డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవడం వల్ల ఆత్మీయంగా ప్రయోజనం ఉందా?

జవాబు: లేదు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అష్షూరు సమరయను పట్టుకుని ఉత్తర రాజ్యపు ప్రజలను చెరపట్టుకుపోయిన సంగతి 2 రాజులు 17లో ఉంది. అంతమాత్రాన పది గోత్రాలూ లోకం నుండి మాయమైపోలేదు. హిజ్కియా పిలిస్తే ఆషేరు, మనష్షే, జెబూలూను వారిలో కొందరు పస్కాకు యెరూషలేముకు వచ్చారు. లూకా 2:36లోని అన్న అనే ప్రవక్త్రి ఆషేరు గోత్రికురాలు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో, తామే ఆ గోత్రాలవారమన్న బోధ ఒకటి బాగా వ్యాపించింది. దానికి చరిత్రలో ఆధారం లేదు, దానివల్ల అతిశయం తప్ప భక్తి పెరగలేదు. మితము లేని వంశావళుల విషయంలో తిమోతికి, తీతుకు పౌలు రాసిన హెచ్చరికలు చదవండి. కుటుంబ చరిత్ర మీద ఆసక్తి ఉంటే తెలుసుకోండి, అందులో పాపం లేదు. కానీ గలతీ 3:29 "మీరు క్రీస్తు సంబంధులైతే" అని మొదలవుతుంది. ఆ షరతు నెరవేరిందో లేదో చెప్పే పరీక్ష ఏ ప్రయోగశాలలోనూ లేదు. నెరవేరినవారికి అబ్రాహాము సంతానం అనిపించుకోవడానికి ఇంకో రుజువు అక్కరలేదు.

ప్రశ్న: మా తాతగారు, మా నాన్నగారు ఇద్దరూ సువార్త సేవలో ఉన్నవారే. నాకు ఊహ తెలిసినప్పటి నుండి ప్రార్థన, వాక్యం ఇంట్లోనే నేర్చుకున్నాను. ఫలానా రోజున మారాను అని చెప్పుకునే సాక్ష్యం నాకు లేదు. అలాంటప్పుడు నా విశ్వాసం నాదేనా, లేక మా ఇంటి వారసత్వమా అన్న భయం కలుగుతోంది.

జవాబు: అమ్మా, మీరు అడిగిన తీరులోనే నిజాయితీ ఉంది. విశ్వాసం రక్తంలో రాదన్నది నిజం. మత్తయి వంశావళిలోని ఐదుగురు రాజులను వరుసగా చూడండి: ఆహాజు, హిజ్కియా, మనష్షే, ఆమోను, యోషీయా. విగ్రహారాధకుడికి భక్తిపరుడు పుట్టాడు. ఆ భక్తిపరుడికి తండ్రి పడగొట్టిన ఉన్నత స్థలాలను, అంటే విగ్రహాల గుళ్లను, తిరిగి కట్టించిన కొడుకు పుట్టాడు. అతడు చివరి రోజుల్లో తగ్గించుకుని దేవుని వైపు తిరిగినా, అతని కొడుకు తిరగలేదు. ఆ కొడుక్కు పుట్టినవాడు ఎనిమిదేళ్ల వయసులో సింహాసనమెక్కి, యౌవనంలోనే దేవుని వెదకడం మొదలుపెట్టాడు. ఏలీ కుమారులు యాజకుని ఇంట పెరిగి కూడా యెహోవాను ఎరగనివారని 1 సమూయేలు 2:12 చెబుతుంది. సమూయేలు కుమారులు కూడా తండ్రి ప్రవర్తనను అనుసరించలేదు. "రక్తమువలననైనను శరీరేచ్ఛవలననైనను మానుషేచ్ఛవలననైనను పుట్టినవారు కారు" అన్న యోహాను 1:13 భక్తిగల ఇళ్లకూ వర్తిస్తుంది.

అయితే రక్తంలో రానిది ఇంట్లో నేర్పడం ద్వారా రాదని ఎక్కడా లేదు. మీ భయానికి కారణం ఈ రెండిటినీ ఒకటిగా చూడటమేనని అనిపిస్తోంది. తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు, తల్లి యునీకే విశ్వాసురాలైన యూదురాలు. అతని నిష్కపటమైన విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తరువాత తల్లిలో ఉందని, ఇప్పుడు అతనిలో కూడా ఉందని రూఢిగా నమ్ముతున్నానని పౌలు 2 తిమోతి 1:5లో రాశాడు. మొదటి ఇద్దరి విశ్వాసాన్ని చెప్పి ఊరుకోలేదు, మూడవవాడి పేరున ఆ మాట విడిగా చెప్పాడు. తిమోతి ఏ రోజున మారాడో లేఖనంలో రాయలేదు. బాల్యం నుండి పరిశుద్ధ లేఖనాలను ఎరుగుదువని మాత్రం ఉంది.

కాబట్టి తారీకు కోసం వెదకకండి. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు, నాన్నగారికి సమాధానం చెప్పుకోవలసిన అవసరం లేని చోట మీరు దేవునితో మాట్లాడుతున్నారా, పాపం చేసినప్పుడు కుటుంబం పరువు గురించి కాక ఆయన గురించి బాధపడుతున్నారా, క్రీస్తు తప్ప మీకు వేరే ఆధారం లేదని ఒప్పుకుంటున్నారా? అవునని చెప్పగలిగితే ఆ విశ్వాసం మీదే. ఎక్కడైనా చెప్పలేకపోతే, అబ్రాహాము దేవుణ్ణి ఈరోజే పేరుపెట్టి పిలవండి. మీ తాతగారు పిలిచినప్పుడు విన్నవాడు మీరు పిలిచినా వింటాడు. మీ సంఘ కాపరితో గాని, మీరు నమ్మదగిన పెద్దావిడతో గాని ఈ భయం గురించి దాచకుండా మాట్లాడండి.